ఓబులేసు చేయని తప్పు

ఇరవై ఏళ్ళకు పైగా ఒక మాటను లోపల దాచుకుని బతికాను. అది చాలా చిన్న మాట. దాని బరువు మాత్రం నాతో పాటే పెరుగుతూ వచ్చింది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు ఈమధ్య చేసిన తప్పు చెబుతాను. నేను అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఈ ఏడు కొత్తగా చేరిన పిల్లలతో మొదటి రోజు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. కాలేజీలో మొదటి ఏడాది మనిషిని ఎలా పెంచుతుందో చెప్పాను. నలుగురిలో నోరెత్తలేని నేను ఆ ఒక్క ఏడాదిలో స్టేజీ ఎక్కి మాట్లాడేవాణ్ణి ఎలా అయ్యానో చెప్పాను. అక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. నా స్నేహితుడొకడు ధైర్యం చాలక హాస్టల్ వదిలి ఊరికి వెళ్ళిపోయాడని, మీరు అలా కావద్దని అన్నాను. ముందు బెంచీలోని అమ్మాయి లేచి, "ఆయన ఇప్పుడు యాడున్నాడు సార్?" అని అడిగింది.

తెలియదమ్మా అన్నాను.

తెలుసు. చిలమత్తూరు దగ్గర వాళ్ళ ఊళ్ళోనే ఉన్నాడని తెలుసు. ధైర్యం చాలక వెళ్ళలేదని ఇంకా బాగా తెలుసు.

అతని పేరు నరసింహులు. హాస్టల్లో నా పక్క మంచం అతనిది. వాళ్ళది జీవాలు, అంటే గొర్రెలూ మేకలూ మేపే ఇల్లు. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. ఇద్దరి ఇళ్ళలోనూ కాలేజీ మెట్లెక్కినవాళ్ళు అంతకుముందు లేరు. ఏ తరగతి ఎక్కడో, ఎవరిని ఏమని పిలవాలో తెలియక మొదటి రోజుల్లో ఒకరి వెనక ఒకరు తిరిగేవాళ్ళం. నేను ఒక్కణ్ణే మెస్‌కు పోవడానికి సిగ్గుపడితే అతను తన పళ్ళెం పట్టుకుని నాకోసం గుమ్మం దగ్గర నిలబడేవాడు.

దసరా సెలవులకు నన్ను వాళ్ళ ఊరికి తీసుకుపోయాడు. ఆ ఏడు వానల్లేవు. చెనక్కాయ చెట్లు, అదే వేరుశనగ, నేలలోకి ఊడలు దిగకుండానే ఎండిపోయాయి. ఇక పీకి లాభం లేదని రైతులు చేలల్లోకి జీవాలను వదిలేశారు. ఊళ్ళోని మందలన్నీ కలిసి మేశాయి. పొద్దు వాలాక వాటిని ఎలా విడదీస్తారో నాకు అర్థం కాలేదు. అక్కడ ఒక్కో ఇంటికి ఒక్కో కూత ఉంటుంది. ఎవరి కూత వాళ్ళు వేస్తే ఎవరి జీవాలు వాళ్ళ వెంట వచ్చేస్తాయి. ఒకరింటి కూత ఇంకొకరు వేయరు. వేస్తే దొంగతనానికి వచ్చినట్టే లెక్క.

నరసింహులు వాళ్ళ తాత నుంచి వస్తున్న కూతను నాకు నేర్పాడు. నాలుకను అంగిటికి ఆనించి, చివర్లో గొంతు సాగదీయాలి. మూడో నాలుగో సార్లకు కుదిరింది. గొర్రెలు తలలెత్తి, నన్ను చూసి, నా వైపు నడిచొచ్చాయి. జీవితంలో నా మాట విని ఎవరైనా రావడం అదే మొదలు.

"మా నాయనకు తెలిస్తే నన్ను తంతాడు. ఎవురికీ చెప్పాకప్పా" అని నవ్వాడు.

సెలవులయ్యాక, నరసింహులు పక్కన లేని ఒక సాయంత్రం, సీనియర్లు నన్ను హాస్టల్ మైదానంలో నిలబెట్టారు. "ధర్మవరమా నీది? అట్లయితే మీ నాయన మాదిరి మగ్గం తొక్కి చూపీ" అన్నారు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి, వంగిన వీపుతో కూర్చున్న నాయన కళ్ళ ముందు మెదిలాడు. ఆయన్ని నవ్వులపాలు చేయలేకపోయాను. దానికి నేనేమీ సిగ్గుపడను. కానీ ఆయన్ని కాపాడుకోవడానికి ఏం చేశాను?

"నాదేముందన్నా, మా నరసింహులు వాళ్ళింట్లో గొర్రెల్ని పిలిచే కూత వినాల మీరు" అన్నాను. వేసి చూపించాను.

అందరూ పడీపడీ నవ్వారు. మళ్ళీ వేయమన్నారు. మళ్ళీ వేశాను. మొదటిసారి భయంతో వేశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. మరి రెండోసారి? రెండోసారి నా గొంతు ఇంకా బాగా పలికింది. వాళ్ళ నవ్వు నాకు నచ్చింది. ఒక సీనియర్ నా భుజం మీద చేయి వేశాడు. ఆ చేయి ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ హాయిని తలచుకుంటేనే నా మీద నాకు అసహ్యం.

మర్నాటి నుంచి నరసింహులు ఎక్కడికి పోతే అక్కడికి ఆ కూత వెంటపడింది. మెస్ వరుసలో, తరగతిలో వెనక బెంచీల నుంచి, స్నానాల గది తలుపు బయట. "ఏమప్పా, మందను యాడ ఇడిసిపెట్టి వచ్చినావు?" అని ఆటపట్టించేవాళ్ళు. కొన్నాళ్ళు అతనూ నవ్వాడు. తర్వాత మెస్‌కు రావడం మానేశాడు. ఒక మధ్యాహ్నం గదిలో మంచం మీద కూర్చుని నన్ను అడిగాడు.

"ఇది వాళ్ళకు ఎవురు చెప్పింటారప్పా?"

"నాకేం తెలుసు?"

"నువ్వు కాదు గదా?"

"నన్ను అడుగుతాండావా నువ్వు?"

"లేదులే. నువ్వు చెప్పవులే." దుప్పటి మడిచి పక్కన పెట్టాడు. "మా ఓబులేసే అయింటాడు."

ఓబులేసు అతని చిన్నాయన కొడుకు. అదే కాలేజీలో వేరే గ్రూపులో చదువుతూ, హాస్టల్లో కాకుండా టౌన్లో గది తీసుకుని ఉండేవాడు. కాలేజీ మొత్తంలో ఆ కూత తెలిసిన మూడోవాడు అతనే.

"అయిండొచ్చు" అన్నాను.

ఇదే నేను దాచిన మాట.

కూత బయటపెట్టడం పిరికితనం అనుకోవచ్చు. ఈ మాటకు ఏ పేరు పెట్టాలి? నన్నెవరూ బెదిరించలేదు. నా ఎదుట కూర్చున్నది నన్ను నమ్మినవాడు ఒక్కడే. ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు.

పరీక్షలు రాకముందే నరసింహులు వెళ్ళిపోయాడు. అతని పెట్టె బస్టాండు దాకా నేనే మోశాను. "నువ్వన్నా బాగా చదువుకో" అన్నాడు. పోయేముందు ఓబులేసు గదికి వెళ్ళి నానా మాటలూ అని వచ్చాడని తర్వాత తెలిసింది. "నేను కాదన్నా" అని ఓబులేసు ఎంత మొత్తుకున్నా వినలేదట. ఆ ఏడాదే అన్నదమ్ముల ఇళ్ళ మధ్య మాటలు పోయాయి. ఉమ్మడిగా ఉన్న మందను పంచుకున్నారు. తాత నాటి కూతను ఓబులేసు వాళ్ళ నాయన మార్చుకున్నాడట.

నేను మాత్రం ఎదిగాను. సీనియర్లు నన్ను కలుపుకున్నారు. ఏడాది చివర స్టేజీ ఎక్కించారు. తడబడకుండా మాట్లాడాను. ఈ పిల్లోడు ఎంత మారిపోయినాడు అని లెక్చరర్లు మెచ్చుకున్నారు. నేనూ దాన్ని ఎదుగుదల అనే నమ్మాను, పిల్లలకు అదే చెప్పుకుంటూ వచ్చాను. ఒకణ్ణి తొక్కి నిలబడితే ఎత్తు పెరిగినట్టేనా?

ఆ అమ్మాయి ప్రశ్న తర్వాత రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆదివారం చిలమత్తూరు బస్సెక్కాను. నరసింహులు గొర్రెల దొడ్డి దగ్గర ముళ్ళకంపలు సర్దుతున్నాడు. నన్ను గుర్తుపట్టి సంతోషపడ్డాడు. ఆ సంతోషం ఉండగానే చెప్పేశాను. కూత సంగతీ, ఆ మధ్యాహ్నం అన్న మాటా.

చేతిలోని కంప కింద పడేశాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు. "మా చిన్నాయన చచ్చిపోతే మట్టికి పోలేదు నేను."

వంగి ఆ కంపను మళ్ళీ అందుకున్నాడు.

"నాకు చెప్పి ఏం చేస్తావు? ఓబులేసుకు చెప్పినావా?"

లేదన్నాను.

"పో. పోయి వానికి చెప్పు." కంపలు తీసుకుని దొడ్డి లోపలికి వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు.

ఓబులేసుకు రాప్తాడులో హైవే పక్కన పంచర్ షాపు ఉంది. ఇల్లు దాని వెనకే. నేను వెళ్ళేసరికి చేతిలో ట్యూబు పట్టుకుని నీళ్ళ తొట్టి ముందు కూర్చున్నాడు. నేను చెబుతున్నంతసేపూ ఆ ట్యూబు నీళ్ళలోనే ఉండిపోయింది.

"మా నాయన పోయేముందు గూడా అడిగినాడు, నరసింహులు వచ్చినాడా అని" అన్నాడు చివరికి. "నాకు చెప్పితే సాలదన్నా. మాయమ్మకు చెప్పు. నేను చేసినానని ఆమె గూడా అనుకుంటాండాది."

వాళ్ళమ్మ వసారాలో కూర్చుని విత్తనాలకు చెనక్కాయలు వలుస్తోంది. ఎదురుగా కూర్చుని మెల్లగా మొదలుపెట్టాను. "ఏమంటాండాడు రా?" అని ఆమె కొడుకును అడిగింది. ఆమెకు చెవులు సరిగా వినబడవు. ఓబులేసు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నువ్వే చెప్పన్నా" అన్నాడు.

ఇన్నేళ్ళు గుసగుసగా కూడా పలకని దాన్ని గొంతెత్తి చెప్పాల్సి వచ్చింది. ఆ కూత బయటపెట్టింది నేను, మీవాడు కాదు, మీవాడని నరసింహులును నమ్మించిందీ నేనే. షాపు ముందు బండి ఆపుకున్న ఇద్దరు ఇటు తిరిగి చూశారు. ఎదురింటామె గుమ్మంలోకి వచ్చింది. గొంతు తగ్గించలేదు. తగ్గించాలనీ అనిపించలేదు.

ఆమె చేతిలోని కాయ వలిచి, గింజలు చేటలో వేసి, ఇంకో కాయ అందుకుంది. వినబడిందో లేదోనని నేను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

"వినబడిందిలేన్నా" అన్నాడు ఓబులేసు. "వీధంతా వినబడింది."