గంప మోయనన్న మేనమామ

బేతంచెర్లలో కాకులు తెల్లగా ఉంటాయి. నమ్మకపోతే పోయి చూసుకోండి. బండలు పాలిష్ చేసేటప్పుడు లేచే దుమ్ము ఊరంతా అట్లా పడుతుంది. మా బావ ఒకసారి తుమ్మితే రెండు గదులకు సున్నం కొట్టుకోవచ్చు. ఆయనకు అక్కడ పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. బండ మీద వేలితో కొట్టి, చప్పుడును బట్టి లోపల పగులుందో లేదో చెప్పేస్తాడు.

ఆయన కూతురు, అంటే మా అక్క బిడ్డ, కర్నూల్లో నర్సు. సంబంధం ఖాయమయ్యాక ఆ పిల్ల తల్లికి చెప్పింది, తనకు మగవాడితో పెళ్లి వద్దని, తనతో గదిలో ఉండే నర్సమ్మే తన మనిషని. అక్క భయపడి బావ చెవిన వేసింది. బావ పిల్ల ఫోను లాక్కుని, మిద్దె మీది గదిలో పెట్టి తాళం వేశాడు. పెళ్లి పనులు మాత్రం ఆగలేదు.

పిల్లకు నచ్చజెప్పమని నన్ను పిలిపించారు. నేను నోరు తెరిస్తే తుంగభద్ర వెనక్కి పారుతుందని మావాళ్ల నమ్మకం. ఆ పుకారు పుట్టించింది నేనే. పైగా మేనమామను. మా వైపు పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకుపోయేది మేనమామే. గంపకు అప్పుడే పసుపు పూసి వసారాలో పెట్టినారు. ఏనుగుపిల్లను ఎక్కించినా ఇంకా చోటు మిగిలేంత గంప.

పైకి పోయినాను. ఆలూరు కరువంతా ఆ పిల్ల మొహంలోనే ఉంది. దారంతా కూడబెట్టుకున్న జోకులు గడప దగ్గరే చచ్చినాయి. తిన్నావా అని మాత్రం అడిగినాను.

“మోసేది నువ్వే కదా మామా,” అనింది. “యాడ దించుతాండావో చూసి దించు.”

కిందికొచ్చి, గంప మోయనని బావతో చెప్పినాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండు.

“ఇన్నేండ్లు బండలు కొట్టి చూసినా. నా బిడ్డలో పగులు నాకు ఇనపడల్యా.”

“లేని పగులు ఎట్ల ఇనపడతాది బావా?”

ఆయన ఫోను తీసినాడు. నాకు వరసకు తమ్ముడయ్యే ఇంకొకణ్ని రమ్మంటాడంట, వాడు మోస్తాడంట. అప్పుడు, మొగుని ముందర ఏనాడూ కూర్చోనెరగని మా అక్క పోయి ఆ గంపలో కూర్చుంది.

“నా తోడబుట్టినోడు మోయకుంటే నా బిడ్డ పీటెక్కదు,” అనింది.

బావ ఫోను జేబులో పెట్టినాడు. తర్వాత తాళంచెవి నా కాళ్ల దగ్గర పారేసి, నీ మేనకోడల్ని తీసకపో, మళ్లా ఈ గడప తొక్కొద్దని చెప్పు, అన్నాడు.

నేనూ పిల్లా కర్నూలు వచ్చేసినాం. మా ఇల్లూ అక్కడే. వెనక అక్కకేమైందో ఆమె చెప్పదు. చేతికి కట్టేందని అడిగితే బండ పడిందంటుంది. బేతంచెర్లలో బండలకేం కొదవ.

గంపను బావ లారీలో మా ఇంటికి పంపించినాడు. దాంట్లో ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, పోసుకున్నాం. ఆ చెయ్యి చూపించుకునే సాకుతో అక్క అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంది. కూతురూ వస్తుంది. ఇద్దరూ గంప దగ్గర కూర్చుని కుళ్లినవి ఏరుతారు.

మొన్న వచ్చినప్పుడు అక్క ఏరుతున్నది ఆపి, కిటికీలోంచి చూసింది.

“సందు మొదట్లో ఎండకు నిలబడుకోనుండేది నీ గదిలో ఉండే ఆ పిల్లేనా?”

“ఆ పిల్లేనమ్మా.”

అక్క ఇంకొన్ని గడ్డలు ఏరింది. మంచివి కూడా కుళ్లినవాటిలో వేసింది.

“లోపలికి రమ్మను,” అనింది. “మీ నాయనకు తెలియనియ్యొద్దు.”