దుప్పట్లో టెలిస్కోపు

నేను ఎమ్మెస్సీ ఖగోళశాస్త్రం చదివిన సర్కారీ యూనివర్సిటీలో టెలిస్కోపు లేదు. అద్దం మేమే అరగదీసి, ప్లాస్టిక్ గొట్టంలో బిగించాం. దుమ్ము పడకుండా దాన్ని దుప్పట్లో చుట్టి, జంషెడ్‌పూర్‌లో సిటీబస్సు ఎక్కాను. ఆ ఉదయమే ఊళ్లో కాల్పులు జరిగాయని నాకు తెలీదు.

"బందూక్ హై" అన్నాడెవడో, దుప్పట్లోది తుపాకీ అనుకుని. అంతే, నన్ను సీట్లోంచి ఈడ్చి తన్నారు. ఇనపరాడ్డు దెబ్బకి కనుబొమ చిట్లింది. "అమ్మోయ్" అని అరిచాను.

ఆ అరుపు విని, వెనక సీట్లోని తెలుగు ముసలావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఏటి బాబూ ఇది?"

"నక్షత్రాలు చూసేదమ్మా."

ఆవిడ దుప్పటి లాగేసింది. గొట్టం ఒక కొస రాడ్డువాడి చేతుల్లో పెట్టి, రెండో కొస అంచుకి తన నుదురు ఆనించింది. "బందూకే కదా, చలావ్" అంది, కాల్చమని.

వాడి వేళ్లు నిజంగానే ట్రిగ్గర్ కోసం తడుముకున్నాయి. దొరకలేదు. గొట్టం నా ఒళ్లో పడేసి వెనక్కి తగ్గాడు.

భుయ్యాడీహ్ స్టాపులో దిగుతూ ఆవిడ, "ఇంకెప్పుడూ దీనికి గుడ్డ సుట్టకు నాన్నా" అంది.

దుప్పటికంటిన నా నెత్తురు ఆ రోజే ఉతికేశాను. గొట్టం అంచుకంటిన ఆవిడ కుంకుమ మాత్రం తుడవలేదు.