సున్నాకి రాని ముల్లు

మా ఊళ్ళో ఇంటిపేరు రాస్తే ఉత్తరం చేరదు. సరస్సుకి ఈ ఒడ్డున సగం మందిమి రోషాలమే. అందుకని ప్రతి ఇంటికీ ఒక మారుపేరు ఉంటుంది. అది ఒకసారి అంటుకుందంటే మనవల దాకా వదలదు. మా తాతయ్య ఓరేల్ రోషాని అందరూ ‘రెండుగీతలు’ అనేవాళ్ళు. బడిలో నేను ‘చిన్న రెండుగీతలు’ని. పోస్టుమాన్ కూడా మా గేటు దగ్గర ఆగి, “రెండుగీతల వాళ్ళకి పార్సిల్!” అని కేకేసేవాడు. తాతయ్య ఒక్కడే ఆ పేరు విన్నప్పుడల్లా దవడ బిగించేవాడు.

చర్చి వెనక వీధిలో ఎలిజే రోషా ఉండేవాడు. ఆయన మారుపేరు ‘సున్నా’. ఈ రెండు పేర్లూ ఒకే సాయంత్రం పుట్టాయి. ఆ సాయంత్రం నుంచి నలభై ఏళ్ళు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు.

ఎలిజే గడియారాల పనివాడు. మా లోయలో ఆ మాట పెద్ద విశేషం కాదు, ప్రతి ఇంటికీ ఉత్తరం వైపు వరస కిటికీలు, వాటి కింద ఎత్తైన బల్లా ఉండేవి. బ్యాటరీ గడియారాలు వచ్చాక కార్ఖానాలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. బల్లల మీద పూలకుండీలు పెట్టుకున్నారు. ఎలిజే మాత్రం బల్ల ఖాళీ చెయ్యలేదు. పెళ్ళి చేసుకోలేదు. పొద్దున ఏడింటికి బూడిదరంగు పనికోటు వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని కూచునేవాడు. ఎవరైనా గోడగడియారం తెచ్చినా, వంట టైమరు తెచ్చినా ఒకేలా ఒంగి చూసేవాడు. చిన్నప్పుడు నేను ఆ వీధిలో వెళ్తే కిటికీలోంచి ఆ ఒక్క తలే కనపడేది. తాతయ్యకి తెలియకుండా నేను ఆయనకి తలూపేదాన్ని. ఆయన పట్టకారు పైకెత్తి ఊపేవాడు.

తొంభయ్యారు జనవరిలో సిడోనీ అత్త ఆయన దగ్గరికి ఒక రేకుడబ్బా పట్టుకెళ్ళింది. స్కేటింగ్ క్లబ్బు బీరువా తాళాలు ఆవిడ దగ్గరుండేవి.

“ఎలిజే, నీ పాత ప్రియురాలు దొరికింది. ఇంకా ఊపిరుందేమో చూడు.”

డబ్బాలో క్లబ్బువాళ్ళ క్రోనోగ్రాఫ్ ఉంది. మామూలు జేబుగడియారంలా టైము చూపిస్తూనే, మీట నొక్కితే పందెం కాలాన్ని కూడా కొలిచే రకం. సెకనుని ఐదు గీతలుగా చూపిస్తుంది. మీట ఒకసారి నొక్కితే పొడుగు ముల్లు బయలుదేరుతుంది, రెండోసారి ఆగుతుంది, మూడోసారి గిరుక్కున సున్నా దగ్గరికి వచ్చి నిలబడుతుంది.

“క్లబ్బుకి డెబ్భై అయిదేళ్ళు నిండుతున్నాయి కదా, పాత గడియారంతోనే పందెం పెట్టాలంటున్నారు కుర్రాళ్ళు,” అంది అత్త. “నలభై ఏళ్ళు నిద్రపోయింది. లేస్తుందా?”

“నేను ఇంతకంటే ఎక్కువే నిద్రపోయాను సిడోనీ, లేవట్లేదూ?” అన్నాడాయన. చెయ్యి మాత్రం డబ్బా మీద పెట్టడానికి తటపటాయించింది. ఈ సంగతి అత్తే తర్వాత చెప్పింది.

ఆమె వెళ్ళాక ఆయన వెనక మూత తెరిచాడు. బాగుచేసినవాడు మూత లోపల సూదితో తన గుర్తూ, నెలా గీసి పెట్టడం మా వాళ్ళ అలవాటు. లోపల చిన్న అక్షరాలున్నాయి: ఇ. ఆర్., 1–56. ఎలిజే రోషా, యాభయ్యారు జనవరి. దాని కింద ఇంకే గుర్తూ లేదు. అంటే తన తర్వాత ఎవరి చెయ్యీ ఆ యంత్రంలోకి వెళ్ళలేదు.

యాభయ్యారులో ఎలిజేకీ తాతయ్యకీ ఇరవై నాలుగేళ్ళు. ఒకే కార్ఖానాలో పక్కపక్క కిటికీలు. ఒకరి స్క్రూడ్రైవరు ఇంకొకరి బల్ల మీద ఉండేది. ఆ ఏడు సరస్సు గాజులా గడ్డకట్టింది. ఫిబ్రవరి మొదట్లో క్లబ్బు పందెం. మంచు మధ్యలో ఒక దేవదారు కొమ్మ పాతారు. ఒక్కొక్కరే గీత దగ్గర బయలుదేరి, కొమ్మ చుట్టి, తిరిగి గీత దాటాలి. గడియారం బడి మాస్టారి మెడలో, కోటు పైన వేలాడుతోంది. దాన్ని వారం ముందే సిద్ధం చేసింది ఎలిజే.

పోటీలో ముందున్న గెడియన్ యాభై రెండు సెకన్ల ఒక గీతలో వచ్చాడు. అందరికంటే ఆఖరున మా తాతయ్య. యాభై రెండు సెకన్ల రెండు గీతలు. ఒక్క గీత తేడాతో కప్పు పోయింది.

తాతయ్య మంచు మీదే అరిచాడు. బయలుదేరే ముందు మాస్టారి పక్కనే నిలబడ్డాడు కదా, “ముల్లు సున్నాకి రాలేదు, రెండు గీతల అవతల నిలబడింది, నేను కళ్ళారా చూశాను,” అన్నాడు. గడియారాన్ని కాఫీ హోటలుకి పట్టుకొచ్చారు. పొయ్యి పక్కన బల్ల మీద పెట్టి మాస్టారు యాభైసార్లు మీట నొక్కాడు. యాభైసార్లూ ముల్లు సున్నాకి వచ్చింది. క్యాబేజీ సాసేజీలు వడ్డిస్తున్నారు. అందరూ ఎలిజే వైపు చూశారు.

“నువ్వు చెప్పవోయ్, గడియారం నీది కదా.”

ఎలిజే లేచి నిలబడ్డాడు. “నేను చేసిన గడియారంలో ముల్లు సున్నాకే వస్తుంది,” అన్నాడు.

“అయితే నేను అబద్ధమాడుతున్నానా?” అన్నాడు తాతయ్య.

ఎలిజే తిరిగి కూచున్నాడు. హోటలంతా నవ్వింది. అప్పుడే పుట్టాయి రెండు పేర్లూ. సోమవారం తాతయ్య తన బల్లని చివరి కిటికీ దగ్గరికి మార్చుకున్నాడు. వేసవి వచ్చేసరికి ఆ పనే మానేసి పాలలారీ ఎక్కాడు. ఆ తర్వాత ఇంట్లో గోడగడియారం ఆగినా కీ కూడా తిప్పలేదు, నానమ్మే తిప్పేది. క్లబ్బువాళ్ళు మరుసటేడు కొత్త గడియారం కొన్నారు. పాతది డబ్బాలోకి వెళ్ళింది.

ఇప్పుడు ఎలిజే దాన్ని ఒక్కో చక్రంగా విప్పాడు. నడిపించే పెద్ద స్ప్రింగు రెండు ముక్కలైంది. ఒక ఇరుసు మొన అరిగిపోయింది. వాటికి ఆయన కంగారుపడలేదు. కానీ ముల్లుని సున్నాకి తెచ్చే భాగం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అక్కడ హృదయం ఆకారంలో చిన్న ఉక్కుబిళ్ళ ఉంటుంది. మీట నొక్కగానే ఒక బుల్లి సుత్తి వచ్చి దాన్ని కొడుతుంది, బిళ్ళ తిరిగి ముల్లు సున్నాకి చేరుతుంది. ఆ సుత్తి ఇరుసు చుట్టూ, బిళ్ళ అంచున, పసుపుపచ్చగా వార్నిష్‌లా ఎండిపోయిన నూనె.

బిళ్ళకి నూనె పెట్టకూడదు. సుత్తి ఇరుసుకి సూదిమొన తడి చాలు. ఇది పనిలో చేరిన మొదటి ఏడే నేర్పుతారు. ఎలిజేకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారం చలి చూసి, ఉక్కు బిగుసుకుపోతుందేమోనని, ఓరేల్ పందెం కదా అని, నిండు బొట్టు పెట్టాడు. పొయ్యి పక్కన పరీక్షించాడు. మీట వెన్నలా నడిచింది.

హోటల్లో కూడా పరీక్షించింది పొయ్యి పక్కనే. మంచు మీద పరుగెత్తిన ముల్లుని వెచ్చటి గదిలో విచారించారు. ఊరంతా గడియారాల పనివాళ్ళే, ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు.

అయినా ఇది అనుమానమే. ఎండిపోయిన నూనె సాక్ష్యం చెప్పలేదు. పైగా బెంజీను గిన్నె పక్కనే ఉంది. భాగాలన్నీ అందులో వేసి కడిగితే పసుపు మరక అయిదు నిమిషాల్లో పోతుంది. గడియారం నడుస్తుంది, ముల్లు సున్నాకి వస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. నలభై ఏళ్ళుగా ఆయనకి ఊళ్ళో ఉన్నదల్లా ‘ముల్లు సున్నాకే వస్తుంది’ అన్న ఆ ఒక్క మాటే. యంత్రం మీద గాజుమూత బోర్లించి మూడు రోజులు బల్ల దగ్గరికి వెళ్ళలేదట.

నాలుగో రోజు కడిగాడు. కొత్త పెద్ద స్ప్రింగు అమర్చాడు. ఇరుసు మొన బుల్లి లేత్ మిషను మీద సానబెట్టి మెరుగు పెట్టాడు. పన్నెండు రోజులు పట్టింది. సుత్తిని నెట్టే సన్నటి స్ప్రింగు జోలికి మాత్రం పోలేదు, అది మారిస్తే తను చెయ్యబోయే పరీక్షకి అర్థం ఉండదు. ఒక మధ్యాహ్నం చక్రం ఒణికి, ఆగి, మళ్ళీ ఒణికి, టిక్కుటిక్కుమంటూ అందుకుంది. ఆ చప్పుడు వింటే ఇరవై నాలుగేళ్ళ ఓరేల్ పక్క కిటికీలో ఈల వేస్తున్నట్టే అనిపించిందని ఆయన తర్వాత నానమ్మతో అన్నాడు.

ఆ తర్వాత చేతులారా తప్పు చేశాడు. సుత్తి ఇరుసు మీద, యాభయ్యారులో పెట్టినంతే, నిండు నూనెబొట్టు పెట్టి మూత బిగించాడు. దాన్ని జేబులో వేసుకుని మా ఇంటికి వచ్చాడు.

తలుపు తీసింది నానమ్మ.

“ఓరేల్ ఉన్నాడా?”

“ఉన్నాడు. నీకున్నాడో లేడో నాకు తెలీదు.”

లోపల్నుంచి తాతయ్య గొంతు. “ఎవరే?”

“సున్నా వచ్చాడు.”

“తలుపెయ్యి. చలొస్తోంది.”

“చలి కోసమే వచ్చానురా,” అన్నాడు ఎలిజే గడప అవతల నుంచే. “ఇవాళెంతుంది?”

తాతయ్యకి కిటికీ బయట ఉష్ణమాపకం ఉండేది, రోజుకి ఆరుసార్లు చూసేవాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండటం ఆయన వల్ల కాదు.

“మైనస్ ఇరవై ఒకటి.” గది గుమ్మం దాకా వచ్చి, “ఎందుకు?” అన్నాడు.

“కోటేసుకునిరా. నువ్వు చూసింది నేనూ చూడాలి.”

నేను వంటింటి కిటికీలోంచి చూశాను. తెల్లటి సరస్సు మీద రెండు నల్లటి చుక్కలు, మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత జాగా వదిలి నడిచాయి. అక్కడ జరిగింది మాత్రం ఇద్దరి నోటా విన్నదే, ఒకరు మరిచినది ఒకరు అందించగా.

జేబులోంచి తీయగానే మీట నొక్కితే ముల్లు సున్నాకి వచ్చింది. తాతయ్య మొహం తిప్పేసుకున్నాడు.

“బాగుంది. ఇది చూపించడానికా ఇంతదూరం లాక్కొచ్చావ్?”

“ఆగరా. జేబులో ఎవరైనా వెచ్చగానే ఉంటారు. మాస్టారు కోటు మీద కదా వేలాడదీసుకున్నాడు.”

గడియారాన్ని తాడుతో తన కోటు మీద వేసుకున్నాడు. పావుగంట నిలబడ్డారు. మీట నొక్కాడు, ఆపాడు, మూడోసారి నొక్కాడు. ముల్లు బద్ధకంగా వెనక్కి వచ్చి, ఆగింది.

“ఏదీ, చూడు,” అన్నాడు ఎలిజే.

“కళ్ళజోడు ఇంట్లో ఉంది. నువ్వే చెప్పు.”

ఎలిజే గొంతు సవరించుకున్నాడు. “రెండు గీతలు.”

“వినపళ్ళేదు.”

“రెండు గీతలు.”

“ఇంకోసారి.”

“ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను, మూతి గడ్డకడుతోంది!”

కళ్ళజోడు తాతయ్య కోటు లోపలి జేబులోనే ఉందని ఆ సాయంత్రం కోటు దులుపుతుంటే నానమ్మకి దొరికింది.

తిరిగి వస్తూ తాతయ్య అడిగాడట. “అంత నూనె ఎందుకు పోశావురా, పనికిమాలినవాడా?”

“నీ పందెం కదా అని.”

గేటు దగ్గర ఆగి తాతయ్య, “ఊళ్ళో చెప్పకు,” అన్నాడు. “నాకు తెలిసింది, చాలు. ఈ వయసులో నీ పేరు పోతే కొత్తపేరు ఎవరు పెడతారు?”

ఎలిజే ఆ మాట వినలేదు. గడియారం మళ్ళీ విప్పి, బొట్టు తుడిచేసి, సూదిమొన తడి మాత్రం ఉంచాడు. పందెం రోజున జనమంతా మంచు మీద చేరాక పెట్టె మీదకి ఎక్కాడు. పెద్ద గొంతు కాదు ఆయనది. ముందువరస వాళ్ళు వెనకవాళ్ళకి చెప్పుకోవలసి వచ్చింది.

“యాభయ్యారులో ఈ గడియారంలో నేను నూనె ఎక్కువ పెట్టాను. ఓరేల్ వంతు వచ్చేసరికి చలికి అది చిక్కబడింది. ముల్లు సున్నాకి రాలేదు. ఓరేల్ నిజమే చెప్పాడు. నేను చెప్పింది తప్పు. ఆ రెండు గీతలూ తీసేస్తే, ఆ రోజు గెలిచింది ఓరేల్.”

ముసలివాళ్ళు బూట్ల వైపు చూసుకున్నారు. కుర్రాళ్ళకి ఏం చెయ్యాలో తెలియలేదు. గెడియన్ పోయి అప్పటికి ఆరేళ్ళు. అందరి కళ్ళూ ఆయన భార్య వైపు తిరిగాయి. ఆమె సిడోనీ అత్తే.

“నన్నేం చూస్తారు?” అంది అత్త. “ఆ కప్పులో నలభై ఏళ్ళుగా బొత్తాలు పోసుకుంటున్నాను. ఖాళీ చేసేదాకా ఆగండి.”

తాతయ్య నవ్వాడు. ఆ నవ్వుకి ముందు ఆయన దవడ ఎప్పటిలా బిగిసి, తర్వాత వదులైంది. అది నేను దగ్గర్నుంచి చూశాను. సాయంత్రానికి కప్పు మా వంటింటి అరలోకి వచ్చింది. అడుగున ఒక నీలం బొత్తం మిగిలిపోయింది, తాతయ్య దాన్ని తియ్యనివ్వలేదు.

పేర్లు మారలేదు. మా లోయలో మారవు. తాతయ్య చనిపోయేదాకా రెండుగీతలే, నేను ఇప్పటికీ చిన్న రెండుగీతలనే. గేటు దగ్గర ఆ కేక వినిపించినప్పుడు తాతయ్య, “ఆఁ, ఇదే ఇల్లు!” అని జవాబు చెప్పడం మొదలుపెట్టాడు, అంతే.

ఆ చలికాలం నుంచి గురువారాలు ఎలిజే మా ఇంటికి పేకాటకి వచ్చేవాడు. కోటు విప్పకముందే వంటింటి కిటికీ తెరిచి, ఆ వారం బాగుచేసిన గడియారాలన్నీ బయట గట్టు మీద మంచులో వరసగా పెట్టేవాడు. నాలుగు ఆటలు అయ్యాక తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ లోపలికి తీసుకుని చూసేవాడు.

“కిటికీ ముయ్యండయ్యా, ఇల్లు సరస్సైపోతోంది,” అని నానమ్మ గదమాయించేది.

“ఉండవే,” అనేవాడు తాతయ్య. “వీడి పని పొయ్యి పక్కన చూస్తే నమ్మకూడదు.”