తాతయ్య జీపుకు నేను తిప్పిన స్క్రూ

పోర్ట్ బ్లెయిర్ దగ్గరి ఫెరార్గంజ్‌లో, నా చిన్నప్పుడు, మా తాతయ్యకు ఒక పాత పెట్రోలు జీపు ఉండేది. ఆయన జీవితమంతా కలప లారీలు నడిపిన మనిషి. బానెట్ ఎత్తారంటే ఇక అన్నం సంగతి కూడా గుర్తుండేది కాదు. కార్బరేటర్ పక్కనున్న చిన్న ఇత్తడి స్క్రూను అరచుట్టు తిప్పడం, చెవి ఒగ్గి వినడం, మళ్ళీ కాస్త వెనక్కి తిప్పడం. ఇంజన్ దగ్గకుండా, వణక్కుండా ఒకే తీరుగా నడిచేదాకా అదే పని. నేను పక్కన స్టూలెక్కి నిలబడితే, ఎటువైపు ఎన్ని అరచుట్లు తిప్పిందీ పైకి లెక్కపెట్టమనేవారు. నాకప్పుడు పదేళ్ళు. ఆ లెక్క నా చేతిలో ఉందంటే జీపంతా నాదే అన్నంత గొప్ప నాకు.

ఆ ఏడు వానాకాలంలో అమ్మకు విశాఖపట్నం నుంచి టెలిగ్రాం వచ్చింది. అమ్మమ్మకు బాగాలేదు, వెంటనే బయల్దేరమని. వెంటనే అంటే మా దీవుల్లో ఓడ ఉంటేనే కదా! అదృష్టం కొద్దీ నాలుగో రోజున వైజాగ్ ఓడ ఉంది. అది తప్పితే మళ్ళీ నెల ఆగాలి. నాన్న ముందే పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి టికెట్టు సంపాదించి అక్కడే ఉండిపోయారు. అమ్మను జీపులో జెట్టీకి చేర్చడం తాతయ్య వంతు.

ఊహ తెలిశాక నేను అమ్మమ్మను చూసిందే లేదు. నాకు తెలిసిందల్లా అమ్మ వెళ్ళిపోతోందని, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పడం లేదని. ప్రయాణం ముందురోజు సాయంత్రం తాతయ్య జీపంతా సరిచూసి, బానెట్ ఎత్తే ఉంచి టీ తాగడానికి లోపలికి వెళ్ళారు. నేను స్టూలెక్కి, అక్కడే పెట్టి ఉన్న స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూను లోపలికి తిప్పేశాను. మూడు అరచుట్లు. లెక్కపెట్టుకునే తిప్పాను, ఓడ వెళ్ళిపోయాక ఎవరికీ తెలియకుండా సరిచేసేద్దామని! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పొద్దున జీపును నమ్ముకుని బస్సు వదిలేశాం. ఇంజన్ స్టార్టయింది గానీ, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఆగిపోయేది. ఎత్తుపల్లాల రోడ్డు మాది. గేరు మార్చాలన్నా కాలు తీయాల్సిందే. పక్కింటి భయ్యా పరుగున వచ్చి తోశాడు. అయినా అంతే, పట్టినట్టే పట్టి చచ్చిపోయేది.

అప్పట్లో మాకు పెట్రోలు ఓడలమీద పీపాల్లో వచ్చేది. ఆ పీపాలు వానలో నానుతూ పడి ఉండేవి. అందుకే ఏ బండి ఆగినా అందరిదీ ఒకటే మాట. భయ్యా కూడా, "అరే చాచా, పానీ కలిసిపోయింది పెట్రోల్‌లో, పక్కా! టాంకీ ఖాళీ చేసేద్దాం" అంటూ గొట్టం పెట్టి బకెట్లోకి తోడేశాడు. అరగంట గడిచింది. బకెట్లో నీటిచుక్క లేదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చిన మాటను నేను మింగేస్తూ నిలబడ్డాను.

అమ్మ వరండాలో ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. తాతయ్యతో ఒక్కటే అంది, "మాయమ్మ నాకోసమే పానం బిగబట్టుకుని ఉంటాది మావయ్యా." మా అమ్మ కూడా ఒక అమ్మకు కూతురని నాకు అంతవరకూ తట్టనే లేదు.

పెట్రోలు మళ్ళీ పోస్తూ తాతయ్య కార్బరేటర్ మీదికి వంగి ఆగిపోయారు. పాత ఇత్తడి మీద స్క్రూడ్రైవర్ జారిన కొత్తగీత మెరుస్తోంది. భయ్యాను పాతగుడ్డ తెమ్మని పంపి, నన్ను దగ్గరకు రమ్మన్నారు.

"బ్యాటరీలో ఇంకొక్క స్టార్టుకే జోరుంది. ఎవులు తిప్పినారో నానడగను గుంటా. ఎంత తిప్పినారో కావాల."

ఏడుపు ముంచుకొచ్చింది. "మూడు అరచుట్లు తాతా, లోపలికి."

స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చారు. పైకి లెక్కపెడుతూ వెనక్కి తిప్పాను. ఆయన సెల్ఫ్ నొక్కారు. ఇంజన్ అందుకుంది. కాలు తీశారు. అలాగే నడుస్తూ ఉంది. గుడ్డ పట్టుకొచ్చిన భయ్యా ఏమైందని అడిగితే, "సెట్టింగు కదిలింది" అని బానెట్ మూసేశారు. నా పేరు ఎత్తలేదు, ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా.

ఓడ నిచ్చెన తీయబోతుండగా అమ్మ ఎక్కింది. రెండు నెలల తర్వాత తిరిగొచ్చి, తను చేరాక అమ్మమ్మ మూడు రోజులు బతికి ఉందని, మాట్లాడిందని చెప్పింది. అప్పుడు నేను అమ్మకు జరిగిందంతా చెప్పాను. లెంపకాయ కొట్టింది. కొట్టిన చేత్తోనే దగ్గరకు లాక్కుని చాలాసేపు వదల్లేదు.

పెద్దయ్యాక నర్సునయ్యాను. ఉద్యోగంలో ఒకసారి ఒకామెకు ఇవ్వాల్సినదానికి రెండింతల మందు ఎక్కించాను. ఎక్కించాక తెలిసింది. వార్డులో ఎవరూ చూడలేదు. డాక్టరు దగ్గరికి పరుగెత్తి, తప్పయిపోయిందని కూడా అనకుండా, ముందు ఎంత ఇచ్చానో, ఎన్ని గంటలకిచ్చానో చెప్పాను. తక్కిన ఏడుపంతా తర్వాత. టైముకు విరుగుడు పడింది, ఆమె బతికింది. నాకు మందలింపు కాగితం ఇచ్చారు.

రిటైరై పోర్ట్ బ్లెయిర్‌లోని మిడిల్ పాయింట్‌లో ఉంటున్నాను ఇప్పుడు. మొన్న బీరువా సర్దుతూ మా అమ్మాయి ఆ కాగితం చూసి, "ఇదెందుకమ్మా దాచావు, చింపెయ్" అంది. చింపనివ్వలేదు. నా సర్టిఫికెట్లన్నిటికీ పైన పెట్టుకున్నాను.