విమలక్క దుకాణంలో నేను రాసిన కార్డు

దీపావళికి నేను పనిచేసే ప్రచురణ సంస్థ వాళ్ళు ఈసారి మిఠాయి డబ్బా బదులు ఒక అట్టపెట్టె పంపారు. టేపు కోసి మూత తీయగానే చింతగింజల జిగురు వాసన వచ్చింది. కొంచెం పులుపు, కొంచెం తడిసిన చెక్కపొట్టు, పైన పచ్చి రంగు. కాగితం విప్పకముందే లోపల చేర్యాల బొమ్మ ఉందని ముక్కుకు తెలిసిపోయింది. అరచేతిలో పట్టేంత ఆడమనిషి ముఖం, నుదుట పెద్ద బొట్టు, చెవులకు కమ్మలు, వెడల్పాటి కళ్ళు. ముచ్చటగా ఉంది. దాని కింద ఒక కార్డు. "మీ చేతిలోని ఈ బహుమతి ఆకలిగొన్న ఒక ఇంట్లో అన్నం మెతుకు" అని బంగారు రంగు అక్షరాల్లో. చదవగానే నాకు చెవులు వేడెక్కాయి. పంపిన వాళ్ళ మీద కోపంతో కాదు. నాకు తెలిసినంతలో సిద్దిపేటలో ఇలాంటి కార్డు మొట్టమొదట రాసిన ఘనత నాదే. పన్నెండేళ్ళ కిందట, విమలక్క దుకాణంలో.

విమలక్క మీకు తెలియదు కనుక ముందు ఆమె గురించి చెప్పాలి. పాత బస్టాండు దగ్గర ఆమెకు గిన్నెల దుకాణం ఉండేది. భర్త పోయాక తనే నడిపింది. సగం దుకాణంలో స్టీలు బిందెలు, టిఫిను డబ్బాలు. మిగతా సగంలో గొల్లభామ చీరలు, పెంబర్తి ఇత్తడి దీపాలు, చేర్యాల బొమ్మలు. పెళ్ళికైనా గృహప్రవేశానికైనా పండుగకైనా మంచి కానుక కావాలంటే చాలామంది అక్కడికే వచ్చేవారు. యాభై అయిదు దాటిన మనిషి, నూలు చీర, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, నోట్లో ఎప్పుడూ నాలుగు సోంపు గింజలు. చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. నేనేమో హైదరాబాద్‌లో డిజైన్ కోర్సు చదివి, అక్కడే కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక సిద్దిపేట వచ్చాను. అప్పటికి నాకు ముప్పయ్యేళ్ళు. ఊరికి స్టైలు నేర్పడానికే దిగివచ్చానన్నంత పొగరు. కానుకలు అందంగా కట్టడానికీ కార్డులు రాయడానికీ మనిషి కావాలని విమలక్క అంటే వెళ్ళి చేరాను.

చేరిన వారంలోనే తళుకు కాగితాలన్నీ అటకెక్కించి, గోధుమరంగు కాగితం, జనపనార తాడు తెప్పించాను. హుస్నాబాద్ నుంచి వచ్చిన ఒకావిడ తన వదినకు కొన్న దీపాన్ని నేను కట్టిన తీరు చూసి బిత్తరపోయింది. "ఇదేందమ్మా, కందిపప్పు పొట్లం లెక్క కట్టినవ్? మా వదిన నా మొఖాన్నే కొడ్తది" అంది. నేను ఇప్పటి ఫ్యాషన్ ఇదేనని ఉపన్యాసం మొదలుపెట్టాను. విమలక్క పకపకా నవ్వి, అటక మీది నుంచి ఎర్రటి తళుకు కాగితం దింపింది. ఆవిడ వెళ్ళాక మాత్రం, "ఫ్యాషన్ నీది, వదిన ఆమెది గద పిల్లా. ఆ వదిన ఎట్లాంటిదో అడిగినవా?" అంది. అడగలేదు.

అడగడమే విమలక్క పద్ధతి. ఎవరైనా వచ్చి "మంచి గిఫ్టు చూపియ్యక్కా" అంటే ఏదీ బయటికి తీసేది కాదు. ముందు స్టూలు వేసి కూర్చోబెట్టేది. "ఎవరికి? పొద్దుగాల లేవంగనే ఆమె ఏం జేస్తది? నువ్విచ్చింది ఇంట్ల ఏడ పెడ్తది?" అని మొదలుపెట్టేది. జగదేవ్‌పూర్‌లో ఉన్న చెల్లెలికి గాజు డాల్ఫిన్ బొమ్మ కొనడానికి వచ్చిన ఒక పెద్దమనిషి, పావుగంట ఈ విచారణ అయ్యాక, బిగువు మూత ఉన్న పాల క్యాను పట్టుకుని దిగులుగా వెళ్ళాడు. చెల్లెలికి రెండు బర్రెలు ఉన్నాయని అతనే చెప్పాడు మరి. నెల తిరక్కుండా ఆ చెల్లెలే వచ్చి అలాంటిదే ఇంకొకటి కొనుక్కుపోయింది. నేను ఇదంతా చూసి లోలోపల నవ్వుకునేదాన్ని. కానుకలు అమ్మడమా, పెళ్ళిసంబంధాలు కుదర్చడమా అనుకునేదాన్ని.

నా దగ్గర డిజైన్ పుస్తకాలు కొన్ని ఉండేవి. దళసరి కాగితం, పేజీ నిండా ఫొటోలు. వచ్చేవాళ్ళకు స్టైలు అంటే ఏమిటో తెలియాలని వాటిని దుకాణంలో అద్దాల బీరువాలో పేర్చాను. ఒకరోజు ఒక టీచరు, అన్న కూతురికి ఇళ్ళు కట్టే చదువులో సీటు వచ్చింది, ఏదైనా ఇవ్వాలి అంటూ వచ్చింది. విమలక్క తన ప్రశ్నలన్నీ అడిగి, లేచి వెళ్ళి నా పుస్తకాల్లో అన్నిటికంటే మంచిది తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. "అక్కా, అది నాది!" అన్నాను. "నువ్వు సదివినవ్ గద?" "చదివాను." "మరింకేంది?" అంటూ అప్పటికే కాగితం చుడుతోంది.

కొన్నాళ్ళకు నాకు అదే పుస్తకం కొత్తది తెప్పించి ఇచ్చింది. ఇచ్చేముందు తీరిగ్గా పేజీలన్నీ తిప్పింది. "బొమ్మలు మంచిగున్నయ్. గీ కుర్చీకి ఫొటో తీసినోని పేరున్నది, కుర్చీ ఉన్న ఇంటాయన పేరున్నది. కుర్చీ చేసినోడు ఏడి?" అని అడిగింది. వెతికాను. ఎక్కడా లేడు. అప్పుడు అది నాకు ఉత్త చాదస్తంలా తోచింది.

ఆ ఏడాది దసరాకు ముందు ఒక కంపెనీ వాళ్ళు దీపావళికి సిబ్బందికి పంచడానికి చేర్యాల ముఖాలు అడిగారు. చూడటానికి స్టైలుగా ఉండాలి, పేద కళాకారులకు సాయం చేసినట్టూ ఉండాలి అన్నారు. మా దుకాణానికి ఆ ముఖాలు చేసి పంపేది సత్తమ్మ. చేర్యాల పక్క పల్లె ఆమెది. కొబ్బరిచిప్ప మీద చెక్కపొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్ద పరిచి, ముఖం తీర్చి, ఆరాక రంగులు వేసేది. ఆమెను నేను అప్పటికి చూడనే లేదు. ఫోనులో మాట్లాడాను, అంతే. సరుకు ఎందుకు ఆలస్యమైందని నేను దబాయిస్తే, "మా ఆయిన దవాఖాన్ల ఉండె బిడ్డా. ఆ దినం నేను పొయ్యి గూడ ముట్టియ్యలే" అంది. ఆ ఒక్క మాట నాకు చాలింది. కూర్చుని ఇంగ్లిష్‌లో కార్డు రాశాను. రెండు పూటలా వెలగని పొయ్యి, ఆకలికి వణికే చేతులు, గుమ్మంలో ఎదురుచూసే కళ్ళు. కింద ఆమె పేరు, ఊరు. రాసి నేనే మురిసిపోయాను. అది ప్రతి పెట్టెలోనూ వెళ్ళింది. కంపెనీ వాళ్ళు ప్రత్యేకంగా ఫోను చేసి మెచ్చుకున్నారు.

దీపావళి మర్నాడు సత్తమ్మ విమలక్కకు ఫోను చేసింది. ఆ కంపెనీలో పనిచేసే ఒకాయన భార్యతో కలిసి పండుగ ముందు రోజు కారులో ఆమె ఇంటికి వెళ్ళాడట. ఒక బియ్యం బస్తా, పాత చీరల మూట ఇచ్చి, ఫొటో తీసుకుని, దండం పెట్టి వచ్చాడట. సత్తమ్మ ఇంకేమీ చెప్పలేదు. ఇక మీ దుకాణానికి చేయనని మాత్రం చెప్పి ఫోను పెట్టేసింది. విమలక్క నన్ను ఏమీ అనలేదు. మిగిలిన కార్డుల్లోంచి ఒకటి తీసి నా చేతికిచ్చి, "నడువు, చేర్యాల బస్సుకు టైమైంది" అంది.

సత్తమ్మ ఇల్లు చూసి మేము దారి తప్పామనుకున్నాను. చిన్న స్లాబు ఇల్లు, నీలం రంగు గోడలు, ముందు రేకుల వసారా. వసారాలో ఫ్యాను కింద నలుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని ముఖాలకు రంగులు వేస్తున్నారు. వాళ్ళకు ఎదురుగా కూర్చున్నది సత్తమ్మ. లేచి మాకు మంచినీళ్ళిచ్చింది. చాయ్ తాగుతారా అని అడగలేదు. మళ్ళీ వెళ్ళి తన పని అందుకుంది.

"సత్తమ్మా, మా దుకాణంల నీ గురించి ఏం రాసిన్రో నువ్వినాలె. రాసింది ఈమె. ఈమెనే సదువుతది" అని, విమలక్క నా వైపు తిరిగింది. "సదువు. తెలుగుల సదువు."

ఇంగ్లిష్‌లో జారిపోయిన ఆ వాక్యాలు తెలుగులో నోటికి రావడమే లేదు. "ఈ తల్లి ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలగదు" అన్నాను. సరిగ్గా అప్పుడే లోపల కుక్కరు విజిల్ వేసింది. రంగులు వేస్తున్న ఒకామె తల వంచుకుని నవ్వాపుకుంది. "ఆకలికి వణికే చేతులతో..." అన్నాను. సత్తమ్మ ఒక ముఖానికి కనురెప్ప గీస్తోంది. వెంట్రుకంత సన్నటి గీత. ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క ఊపులో వెళ్ళింది, ఎక్కడా చెదరలేదు. నేను ఆగిపోయాను. "మొత్తం సదువు" అంది విమలక్క. చదివాను. చివరి వాక్యానికి వచ్చేసరికి నా కళ్ళ నిండా నీళ్ళు.

సత్తమ్మ కుంచె కింద పెట్టింది. "గీ కార్డు మీదున్నామె ఎవరక్కా?" అని విమలక్కనే అడిగింది. తర్వాత నాతో అంది. "మా ఆయిన దవాఖాన్ల ఉన్న దినం పొయ్యి ముట్టియ్యలే అన్న. నిజమే. ఆ దినం మా వదిన వండుకొచ్చింది. నువ్వు అడిగితే గది గూడ చెప్పేదాన్ని." పక్కన కూర్చున్న నలుగురినీ చూపించింది. "వీళ్ళు నలుగురు నా దగ్గర పని నేర్సుకున్నోళ్ళు. వీళ్ళ ముందట ఆ కారాయిన నా చేతుల పాత చీరలు పెట్టి ఫొటో తీసుకున్నడు. ఇప్పుడు గీత వంకర పోయింది, మల్ల గియ్యి అని వీళ్ళకు చెప్పనీకె నాకు నోరొస్తలేదు."

నేను అంతవరకు నా తప్పంటే ఏదో అబద్ధం రాయడం అనుకుంటున్నాను. ఒక పనిమంతురాలికి తన మనుషుల ముందు ఉన్న పెద్దరికాన్ని ఒక్క చీటీ ముక్కతో లాగేశానని అప్పుడు అర్థమైంది.

విమలక్క ఆ నలుగురి వైపు తిరిగి చెప్పింది. "రాసింది ఈమె. సదువకుండ పెట్టెలల్ల పెట్టిచ్చింది నేను. తప్పు మా ఇద్దరిది. సత్తమ్మది ఏం లేదు." సత్తమ్మ కరగలేదు. "ఇగ మీకు చెయ్య అక్కా. ఆ బస్తా, ఆ మూట తీస్కపోండ్రి" అంది. బస్తాకు ఒక కొస విమలక్క, ఒక కొస నేను పట్టుకుని, మధ్యలో మూట వేసుకుని బస్సు దాకా మోశాము. బస్సులో, "నన్ను పనిలోంచి తీసేస్తావా అక్కా?" అని అడిగాను. "తీసేస్తె నీకు సులువైతది" అంది, కిటికీ వైపు చూస్తూ.

మర్నాడు ఆ బియ్యం, చీరలు ఇచ్చినవాళ్ళ ఇంటికి నేనే తీసుకెళ్ళాను. మంచివాళ్ళు. "మేమేం తప్పు చేశామమ్మా?" అని ఆ భార్య బెంగగా అడిగింది. "మీరు చదివినదాన్ని నమ్మారు. తప్పు రాసినదానిది. రాసింది నేనే" అన్నాను. ఆ మాట చెప్పడం వసారాలో కార్డు చదవడం కంటే ఏమంత తేలిక కాలేదు.

క్రిస్మస్‌కు కుకునూరుపల్లి వైపు నుంచి ఒక బడి వాళ్ళు సత్తమ్మ చేసిన ముఖాలే కావాలని వచ్చారు. విమలక్క లేవంది. "ఒక్కసారి ఫోను చేద్దాం అక్కా, బతిమాలుదాం" అన్నాను. "ఇప్పుడు పిలిస్తె మన అవసరానికి పిలిచినట్టైతది. ఆమెకు రావాలనిపిస్తె వస్తది, లేకుంటె లేదు" అంది. ఆ అరలో వేరే బొమ్మలు పెట్టనివ్వలేదు. ఖాళీ అర చూసి ఎవరైనా అడిగితే, "మేం ఆమెకు తప్పు చేసినం, ఆమె ఇస్తలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పేది. విన్న ప్రతిసారీ నాకు చచ్చినంత పనయ్యేది. మానేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ఆమె ఆ మాట చెబుతున్నంతకాలం నేను అక్కడ నిలబడాల్సిందేననిపించింది.

పెళ్ళిళ్ళ రోజులు మొదలవుతుండగా ఒక మధ్యాహ్నం సత్తమ్మ గంపతో దుకాణంలోకి వచ్చింది. విమలక్క లేచి స్టూలు వేసింది. సత్తమ్మ కూర్చుని, కొంగు ముడిలోంచి ఒక కాగితం తీసి నాకిచ్చింది. "కార్డు గిది పెట్టు. ఒక్క అక్షరం ఎక్కువుండొద్దు" అంది. అందులో ఇలా ఉంది. "సత్తమ్మ చేసింది. తడి బట్టతోని తుడువొద్దు. ఎండల పెట్టొద్దు. రంగు పోతే తీస్కరండ్రి, మల్ల ఏసిస్త." నా జన్మలో అంత మంచి కార్డు నేను రాయలేదు. విమలక్క ఆమెకు చాయ్ తెప్పించింది, నాక్కూడా తెప్పించింది.

ఇప్పుడు నేను డిజైన్ పుస్తకాలు తయారుచేస్తాను. చేనేత, ఇత్తడి పని, బొమ్మల మీద పెద్ద ఫొటోలతో వచ్చే పుస్తకాలు. పండుగలకు జనం కానుకలుగా ఇచ్చుకుంటారు. ఎవరి గురించి రాసినా అచ్చుకు పంపేముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి పైకి చదివి వినిపిస్తాను. దీనివల్ల పనులు నెలల తరబడి ఆలస్యమవుతాయని మా సంస్థలో నా మీద విసుగు. ఒక ఇత్తడి పనాయన, నేను మూడు రోజులు చెక్కిన పేరా అంతా విని, "గిదంత ఎందుకమ్మా, లోటా కొలత తప్పు రాసినవ్" అన్నాడు. తప్పే. దిద్దాను.

విమలక్క పోయి రెండేళ్ళయింది. ఆమె నన్ను ఒక్కసారైనా గట్టిగా తిట్టి ఉంటే, ఏడ్చి ఊరుకుని మరచిపోయేదాన్ని. ఆమె తిట్టలేదు. అందుకే ఇంకా ఆమెకు జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను. ఆమె మీద నాకున్న ప్రేమ ఆమె ఉండగా చెప్పలేదు. ఇది రాశాక చదివి వినిపించడానికి ఆమె లేదు కనుక, మొన్న సత్తమ్మ దగ్గరికి వెళ్ళాను. వసారాలో ఇప్పుడు తొమ్మిదిమంది. సత్తమ్మ పని ఆపకుండానే మొత్తం వింది.

"విమలక్క గట్లనే ఉంటుండె. మంచిగ రాసినవ్" అంది చివరికి. తర్వాత కుంచె కింద పెట్టింది. "గానీ, కార్డు సదివిన నాడు నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయని రాసినవ్. నేను ఏడువలే బిడ్డా. ఏడ్సింది నువ్వు."

ఇన్నేళ్ళ తర్వాత కూడా నా కన్నీళ్ళు తీసుకెళ్ళి ఆమె కళ్ళలో పెట్టాను. అక్కడే నేల మీద కూర్చుని ఆ వాక్యం కొట్టేసి, ఇప్పుడు మీరు పైన చదివినట్టు మార్చాను. సత్తమ్మ కళ్ళద్దాలు సవరించుకుని కాగితం వైపు తొంగి చూసింది.

"ఆ, ఇప్పుడు మల్ల మొదటి సంది సదువు" అంది.