అత్తమ్మ అరచెయ్యి

మా అత్తమ్మ సీతమ్మధార రైతుబజారుకు బయల్దేరే ముందు, కొనాల్సినవన్నీ ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకునేవారు. విశాఖ ఉక్కకి బజారు చేరేలోపే అక్షరాలు చెమటలో కలిసిపోయేవి. అయినా ఒక్కటీ మరిచేవారు కాదు. ఒకసారి ఫోన్‌లో రాసుకోమన్నాను.

“ఫోన్‌లో రాత్తే ఫోన్‌కి గురుతుంటాది. సేత్తో రాత్తే నాకుంటాదమ్మా” అన్నారు.

మా ఆయన పెద్దకర్మకి సరుకులు తేవాల్సిన రోజున కూడా అలాగే కూర్చుని నువ్వులు, అరిటాకులు, గుమ్మడికాయ అని రాసుకున్నారు. వాటి కింద ‘బాబు లేడు’ అని రాశారు. కొడుకుని ఆవిడ బాబు అనే పిలిచేవారు.

“అది కూడా మరిచిపోతారా అత్తమ్మా?” అన్నాను.

“మర్సిపోతానని కాదమ్మా. నమ్మలేక.”

పెన్ను నా చేతిలో పెట్టి, సంచి తీసుకుని వెళ్లిపోయారు.

సంవత్సరీకం కూడా అయిపోయింది. పెన్ను నా దగ్గరే ఉంది. నేనింకా రాసుకోలేదు.