వెనక చాప

కిందటి వారం మా చెల్లెలి మనవడు తన బడి హాజరుపట్టీ పట్టుకుని నన్ను చూడవచ్చాడు. పిటాన్ ఊళ్ళో పిల్లలకు తెలుగు చెబుతున్నాడు. పట్టీలో కొన్ని పేర్ల పక్కన ఎర్రసిరా గీతలు కనిపిస్తే ఏమిటవని అడిగాను. "వాళ్ళా తాతా, పా కపాబ్. పరీక్షకు కూర్చోబెడితే పోయేది నా పరువే" అన్నాడు నవ్వుతూ. మా దీవి క్రెయోల్‌లో పా కపాబ్ అంటే చేతకానివాళ్ళు. ఆ పట్టీ వాడి ఒళ్ళోకి విసిరికొట్టి అరిచిన అరుపుకు వాడు టీ అయినా తాగకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. పాపం, వాడి మీద కోపం ఆ పూటకే చల్లారింది. కానీ అదే మాటను వాడి వయసులో ఉన్నప్పుడు పిల్లల ముఖం మీదే అన్న మనిషి మీద నాకున్న కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు, ఆ మనిషిని నేనే గనుక.

అప్పట్లో షెమాన్ గ్రెనియే ఊళ్ళో పగలు ఒక అంగట్లో బియ్యం తూచి, సాయంత్రాలు భజనమందిరం పక్క రేకుల పాకలో పాఠం చెప్పేవాణ్ణి. మీలో ఆ రోజుల్లో చదువుకున్నవారికి గుర్తుండే ఉంటుంది, పలకలు తక్కువ, బలపాలు ఇంకా తక్కువ. అందుకని కొత్తగా చేరే పిల్లలను ముందు చేతులు చాపమనేవాణ్ణి. మెత్తని చేతులైతే ముందు చాప, పలక. చెరకుతోటలో గడ్డి పీకి కాయలు కాచిన చేతులైతే వెనక చాప, అక్కడ పలక ఉండదు, విని వల్లించడమే. బండబారిన వేళ్ళకు బలపం లొంగదని, విరిగిపోతుందని మా అయ్యవారు అనేవారు. ఆయన మాటను నేను శాస్త్రంలా పట్టుకున్నాను. ఒక్క బలపమైనా ఆ చేతుల్లో పెట్టి చూసిన పాపాన పోలేదు.

ఆ వెనక చాప మీద చనిపోయిన ఒక ఎడ్లబండివాడి కూతురు, పదకొండేళ్ళ పిల్ల, రెండేళ్ళు కూర్చుంది. ఒక్కసారి వింటే కీర్తన మొత్తం అప్పజెప్పేది. పలక ఇమ్మని అడిగినప్పుడల్లా, నీ చేతికి గునపం చాలునని నేను అంటే ముందు చాప నవ్వేది. ఒకనాడు తల్లి చీనావాడి కొట్లో పలక కొని, పమిటచెంగుతో తుడుచుకుంటూ తానే తెచ్చింది. నేను పుచ్చుకోలేదు. ఆ పిల్ల పా కపాబ్ అన్నాను, అందరి ముందూ, పిల్ల ముందూ.

అంతవరకూ అయ్యవారూ అని పిలిచిన ఆ తల్లి గొంతు మారింది. "నాయనా, మీ అమ్మా నేనూ చెరకుతోటలో ఒకే సర్దారు అజమాయిషీ కింద గడ్డి పీకినోళ్ళం. ఆయమ్మ చేతులు ఎట్టుండేవో మరిచిపోయినావా?" అంది. మరిచిపోలేదు. అందుకే నాకు అంత మండింది. రేపటినుంచి పిల్లను పంపవద్దన్నాను. ఆమె పలక చంకన పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. పిల్ల మాత్రం మలుపుదాకా వెనక్కి చూస్తూనే ఉంది.

చాలా ఏళ్ళకు మా ఊరి రామభజనలో దీపం చుట్టూ తిరిగే ఆడవాళ్ళకు పాట అందిస్తున్నది ఆనాటి ఆ పిల్లే. గొంతు అదే. కానీ మధ్యమధ్య చరణాలు ఒకదానిలోకి ఒకటి జారి అర్థం చెడిపోతుంటే, కొత్త పిల్లలు ఆ తప్పులనే భక్తిగా అందుకుంటున్నారు. చూసుకోవడానికి పుస్తకం ఉన్నా ఆమెకు ఏం లాభం? భజన అయ్యాక నేనే వెళ్ళి, నా తప్పు ఒప్పుకుని, ఇప్పుడైనా అక్షరాలు నేర్పుతానన్నాను. ఆమె కోప్పడలేదు. రెండు చేతులూ చాపి, "అప్పటికన్నా గట్టిపడినాయి అయ్యవారూ, చూసి చెప్పండి, ఏ చాప?" అంది. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆమె నేర్చుకోలేదు. పెళ్ళికీ, పిల్లల పేర్లు రాయించినప్పుడూ వేలిముద్రే వేసిందని విన్నాను.

ఇప్పుడు బడిలో అందరికీ పుస్తకాలున్నాయి, ఎవరూ ఎవరి చేతులూ చూడరు, సంతోషమే. కానీ పిల్లలు ఇంట్లో క్రెయోల్ మాట్లాడి, వారానికి రెండు గంటలు ఎవరిదో భాషలా తెలుగు నేర్చుకుంటున్నారు. నోటినిండా తెలుగుతో, ఒళ్ళంతా చెవులతో వచ్చిన పిల్లలు ఒకప్పుడు మా పాకలో వెనక చాప నిండా ఉండేవారు. భాష ఎందుకు పోతున్నదని సభల్లో పెద్దలు అడిగినప్పుడల్లా లేచి నిలబడి, నేను పంపేశానని చెప్పాలనిపిస్తుంది. ఇంతవరకూ లేవలేదు.